థార్న్‌బెక్ పెద్దబాతు ఎవరిది?

ఆ శనివారం డెస్మండ్ ఆక్‌రాయిడ్ వేసుకున్న పథకంలో ఎక్కడా బాతు లేదు. క్యాబేజీ మాత్రం ఉంది. ఫిబ్రవరి నుంచి కన్నబిడ్డలా సాకిన క్యాబేజీ అది. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. మనవరాలు పెద్దదై వదిలేసిన పసిపిల్లల తోపుడుబండిలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. పన్నెండూ నలభై రైల్లో దాన్ని హెల్మ్‌బీ ప్రదర్శనకు చేర్చాలి. కూరగాయలైనా కోళ్లైనా అక్కడ అన్నిట్లోకీ మేలైనదానికి ఇచ్చేది ఒకటే కప్పు. తొమ్మిదేళ్లుగా తన క్యాబేజీలతో దాన్ని గెలుస్తున్నది డెస్మండ్ బావమరిది విల్‌ఫ్రెడ్. చలిమంట గూటి మీద ఆ కప్పు పెట్టుకుని, ప్రతి క్రిస్మస్ విందుకూ డెస్మండ్‌కు సరిగ్గా దాని ఎదురుగా కుర్చీ వేయిస్తాడు. ఈసారి కప్పు రాకపోతే బతికి దండగని డెస్మండ్ ఉదయమే భార్యతో అన్నాడు. ఆమె విల్‌ఫ్రెడ్‌కు అక్క కనుక రొట్టెకు వెన్న రాయడంలో మునిగిపోయింది.

రైల్వేను ముక్కలు చేసి కంపెనీలకు పంచినప్పటి నుంచి థార్న్‌బెక్ స్టేషన్‌లో డెస్మండ్ చేసే పని ఒక్కటే. రైలు ఆలస్యమైతే తప్పెవరిదో తేల్చాలి, అది తన కంపెనీది కాదని తేల్చాలి. పట్టాలు ఒక కంపెనీవి. రైళ్లు నడిపేదీ, ప్లాట్‌ఫారం చూసుకునేదీ డెస్మండ్ కంపెనీ, అదీ ఏడేళ్ల గుత్తకు. ఆ రైళ్లు కూడా సొంతం కాదు, ఇంకో కంపెనీ దగ్గర అద్దెకు తెచ్చినవి. వచ్చే నెల గుత్తకు మళ్లీ పోటీ. ఆ గుత్తను ఎగరేసుకుపోదామని పక్క జిల్లా రైళ్ల కంపెనీ ఒకటి కాచుకుని కూర్చుంది. ఈలోగా ఒక్క నిమిషం ఆలస్యం మన మీద పడినా నీ కుర్చీ ఉండదని పైవాళ్లు డెస్మండ్‌కు ఉత్తరం రాశారు.

పట్టాల కంపెనీ తరఫున తప్పులు తేల్చేది హిల్డా క్రాబ్‌ట్రీ. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకే రైల్వేలో, ఒకే బల్ల దగ్గర, ఒకే కెటిల్‌లో టీ కాచుకున్నవాళ్లే. ఇప్పుడు గది మధ్యన నేల మీద పసుపుపచ్చ టేపు అతికించారు. అటో కెటిల్, ఇటో కెటిల్. పాలు మాత్రం గుట్టుచప్పుడు కాకుండా పంచుకుంటారు.

పన్నెండూ ముప్పై ఎనిమిదికి డ్రైవరు ఆల్ఫ్ ఫోన్ చేశాడు. ప్లాట్‌ఫారం కొసన పట్టాల మధ్య పెద్దబాతు ఒకటి కూర్చుందనీ, హారన్ కొడితే తిరిగి అరుస్తోందనీ చెప్పాడు.

హిల్డా కళ్లద్దాలు పెట్టుకుని నిబంధనల పుస్తకం తెరిచింది. అడ్డం వచ్చిన పక్షి హంసంత గానీ, అంతకన్నా పెద్దది గానీ అయితే తప్పు పట్టాల కంపెనీది. హంస కన్నా చిన్నదైతే రైళ్ల కంపెనీది.

"బాతు హంస కన్నా చిన్నదని వేరే చెప్పాలా?" అంది.

"అది మెడ చాపినప్పుడు చూడు. ఇంచుమించు హంసే."

"మెడ చాపితే నువ్వూ నిప్పుకోడివే. కొలవాల్సిందే."

కొలవాలంటే దాని దగ్గరికి వెళ్లాలి. పట్టాల మీద డెస్మండ్ కాలు పెట్టకూడదు, అవి అతని కంపెనీవి కావు. హిల్డా కాలు పెట్టొచ్చు గాని బాతును ముట్టుకోదు. ముట్టుకుంటే మాదేనని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె వాదన. రైళ్లు అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, రైలు మాదే గాని దాని ముందున్నది మాది కాదని పెట్టేశారు. పక్క జిల్లా కంపెనీని అడిగితే, అలాంటి బాతును తామెప్పుడూ చూడలేదన్నారు, ఎవరూ వర్ణించకముందే.

గడియారం ఒంటిగంట కొట్టింది. మూడింటికి ప్రదర్శనలో తలుపులు మూస్తారు. డెస్మండ్‌కు ఏడుపొక్కటే తక్కువ. చివరికి గుండె రాయి చేసుకుని, క్యాబేజీ పై ఆకు ఒకటి తుంచి ప్లాట్‌ఫారం అంచు నుంచి ఆడించాడు. బాతు లేచి, ఒళ్లు దులుపుకుని, వాలుబాట మీదుగా నింపాదిగా పైకెక్కింది.

"ఇప్పుడు మీ ప్లాట్‌ఫారం మీదుంది. అంటే మీ బాతే," అంటూ హిల్డా రాసుకోసాగింది.

డెస్మండ్ ఒళ్లు మండి ఇంకో ఆకు తుంచి పట్టాల మీదికి విసిరాడు. బాతు దిగి వెళ్లింది. హిల్డా ఊరుకుంటుందా? తోపుడుబండిలోంచి తనే ఓ ఆకు పీకి దాన్ని మళ్లీ పైకి పిలిచింది. పంతం ఎక్కిన మనిషికి క్యాబేజీ కనిపించదు, అది సొంత క్యాబేజీ అయినా సరే. ఆల్ఫ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మీ పోటీ అయ్యాక ఓ కేక వెయ్యండి. నేనీలోగా టీ తాగుతుంటా."

ఎనిమిదోసారికి బాతు ప్లాట్‌ఫారం మీదే చతికిలబడింది, ఇక కడుపులో చోటు లేక. అప్పుడు చూసుకుంటే క్యాబేజీ పిడికిలంత మిగిలింది. రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. డెస్మండ్ ఎందుకెక్కాడో అతనికే తెలియదు. తోపుడుబండి వెనకే బాతు కూడా ఎక్కింది.

హెల్మ్‌బీలో విల్‌ఫ్రెడ్ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"ఏంటి బావా, క్యాబేజీని తెస్తావనుకుంటే తిన్నదాన్ని తెచ్చావు?"

నవ్వినవాళ్లందరూ నవ్వాక న్యాయనిర్ణేత ఆ దారిన వచ్చింది. బాతును ఎత్తబోయి ఎత్తలేకపోయింది. ముప్పై ఏళ్లలో ఇంత నిండుగా, ఇంత నిగనిగలాడే పక్షిని చూడలేదంది. విల్‌ఫ్రెడ్ క్యాబేజీని కాదని కప్పు బాతుకిచ్చేసింది.

అప్పుడు ఫారం నింపమన్నారు. యజమాని పేరు అన్నచోట డెస్మండ్ కలం ఆగిపోయింది. తన పేరు రాస్తే కప్పు ఇంటికొస్తుంది, సోమవారం నలభై నిమిషాలూ నెత్తిన పడి కుర్చీ పోతుంది. రాయకపోతే కప్పు మళ్లీ విల్‌ఫ్రెడ్‌ది. ఎదురుగా విల్‌ఫ్రెడ్ చేతులు నలుపుకుంటున్నాడు. డెస్మండ్ చెయ్యి ఇరవై ఏళ్ల అలవాటుకొద్దీ, అన్నీ ఒక్కరివే అయిన రోజుల్లో రాసినట్టే రాసేసింది: రైల్వే.

స్థానిక పత్రికలో కప్పుతో సహా బాతు బొమ్మ పడ్డాక సోమవారం ఉత్తరాలు మొదలయ్యాయి. బాతు తమ ప్లాట్‌ఫారం మీద పెరిగిందని డెస్మండ్ కంపెనీ రాసింది. తమ పెట్టెలో ప్రయాణించింది కనుక తమదేనని అద్దె కంపెనీ రాసింది. ఎన్నడూ చూడని ఆ బాతు గుడ్డులోంచి వచ్చిందే తమ కార్ల పార్కింగులో అని పక్క జిల్లా కంపెనీ రాసింది. వకీళ్లు ఒక్కో కంపెనీకీ యజమాని ఎవరో, ఆ యజమానికి యజమాని ఎవరో తవ్వుకుంటూ పోయారు. మూడు తవ్వకాలూ ఒకచోటే తేలాయి. మూడింటి సొంతదారూ సముద్రం అవతలి ఒకే దేశపు ప్రభుత్వ రైల్వే. కప్పు తమకు పంపమని అక్కడి నుంచి మర్యాదగా కబురొచ్చింది, కప్పు ఓడెక్కింది. హిల్డా ఆ నలభై నిమిషాలనూ ఆ దేశం పేర రాసేసింది. పుస్తకంలో అలాంటి గడి లేకపోతే తనే గీతలు గీసి, డెస్మండ్ వైపు పాలసీసా జరిపింది. మరుసటి నెల గుత్త పోటీ రెండు కంపెనీల మధ్య హోరాహోరీగా సాగిందని పత్రికలన్నీ రాశాయి.

విల్‌ఫ్రెడ్ ఇంట్లో చలిమంట గూటి మీద కప్పు ఉండేచోట గుండ్రటి మరక మిగిలింది. క్రిస్మస్ నాడు డెస్మండ్ తన కుర్చీ తనే తెచ్చుకుని సరిగ్గా దాని ఎదురుగా వేసుకున్నాడు, క్యాబేజీ రెండుసార్లు వడ్డించుకున్నాడు.