దావానల టెక్నాలజీస్, కింది అంతస్తు

ఒక పెద్ద అడవిలో, చెట్లకంటే ఇంజినీర్లు ఎక్కువైపోయిన రోజుల్లో, విశాలాక్షి అనే దేవాంగపిల్లి ఉండేది. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, ఆ ఒంటికి సరిపోనంత పెద్ద కళ్ళు. నడక మహా నిదానం. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి చెయ్యి చాపిందంటే, ఆ చెయ్యి అక్కడికి చేరేలోపు చూసేవాళ్ళకి ఆవలింత వచ్చేది. చదువు మాత్రం బాగానే చదివింది. అడవి ఇంజినీరింగ్ కాలేజీలో మంచి మార్కులతో పాసై, వాగు పక్కన నల్లమద్ది చెట్టు మీద తల్లితో ఉంటూ ఉద్యోగం కోసం చూస్తోంది.

ఆ చెట్టు కొండచిలువ తిరిగే దారిలో ఉంది. క్రితం వానాకాలం వాళ్ళ నాన్న ఆ పాము నోట్లోనే పోయాడు.

శీఘ్రజాల సొల్యూషన్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వస్తే, ఇంటిల్లిపాదీ ఉండటానికి కంపెనీ ఆవరణలో ఒక చెట్టు ఇస్తారు. ఆవరణ చుట్టూ ఎత్తైన ముళ్ళకంచె, ఒకటే గేటు. కొండచిలువ కాదు కదా, దాని నీడ కూడా లోపలికి రాదు. అందుకని అడవిలో ప్రతి తల్లీ పిల్లల్ని శీఘ్రజాల కోసమే కనేది.

"ఊరికే వెళ్ళి కూర్చుంటే ఉద్యోగాలు రావటే," అంది తల్లి. "అందరూ జంబుకేశ్వరరావు గారి దగ్గర కోచింగ్ తీసుకుంటున్నారు. నువ్వూ వెళ్ళు."

జంబుకేశ్వరరావు ఒక నక్క. శీఘ్రజాల ఇంటర్వ్యూలో ఆయన చాలాసార్లు తప్పాడు. ఎలా తప్పుతారో అంత వివరంగా తెలిసినవాడు అడవిలో ఇంకొకడు లేడు కాబట్టి కోచింగ్ సెంటర్ పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి గుహ చాలక పక్క గుహ కూడా తీసుకున్నాడు.

మొదటి రోజు ఆయన విశాలాక్షిని ఎగాదిగా చూశాడు.

"ఆ కళ్ళేమిటమ్మాయ్? దొంగతనం చేసి దొరికిపోయినట్టున్నాయి. కాస్త చిన్నవి చెయ్యి."

"అవి అంతే సార్."

"పోనీ నవ్వు. నవ్వితే చిన్నవవుతాయి. సరే, నీ గురించి చెప్పు."

"నా పేరు విశాలాక్షి. వాగు పక్కన నల్లమద్ది చెట్టు మీద..."

"చెట్టూ పుట్టా ఎవడిక్కావాలి? సవాళ్ళంటే నాకిష్టం, నలుగురితో కలిసి పనిచేస్తాను, ఒంటరిగా కూడా పనిచేస్తాను అనాలి. నీ బలహీనత ఏమిటి?"

"నిదానం సార్."

క్లాసులో ఉన్న కుందేళ్ళూ కొండముచ్చులూ ఆమెవైపు జాలిగా చూశాయి. జంబుకేశ్వరరావు తోక ఊపగానే అన్నీ ఒక్క గొంతుతో అప్పజెప్పాయి. "పని మొదలుపెడితే తిండి సంగతి కూడా మర్చిపోతాను. అదే నా బలహీనత."

"విన్నావా? బలహీనత అంటే అలా ఉండాలి. వింటే మెచ్చుకోవాలనిపించాలి. ఇక అనుభవం ఎంత?"

"లేదు సార్. ఇప్పుడేగా కాలేజీ అయింది."

"లేదు అనకూడదు. మూడేళ్ళు." ఆయన గొంతు తగ్గించాడు. "తూర్పు కొండల్లో దావానల టెక్నాలజీస్ అని ఒక కంపెనీ ఉండేది. కార్చిచ్చు వస్తుంటే ముందే పసిగట్టి కూత పెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు. ఆమధ్య కార్చిచ్చులో కాలిపోయింది."

"మరి కూత పెట్టలేదా సార్?"

"అవన్నీ మనకెందుకు? కంపెనీ కాలిపోయింది. వెళ్ళి వాకబు చెయ్యడానికి అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు. అంతకంటే మంచి కంపెనీ మనకి ఎక్కడ దొరుకుతుంది చెప్పు?"

విశాలాక్షికి అది తప్పని తెలుసు. ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి తల్లి కింది కొమ్మలన్నీ వదిలేసి చిటారు కొమ్మకు చేరుకుని కూర్చునుంది. "వాగు పక్కన గడ్డి కదిలిందే," అంది. మర్నాటి నుంచి విశాలాక్షి దావానలలో మూడేళ్ళు పనిచేసింది.

ఇంటర్వ్యూ గదిలో శూలపాణి అనే ముళ్ళపంది ఉన్నాడు. కంపెనీలో పెద్ద మేనేజరు. వెన్ను మీద ముళ్ళన్నీ నున్నగా దువ్వుకుని, ఠీవిగా కూర్చున్నాడు.

"అనుభవం ఏమైనా ఉందా?"

"దావానల టెక్నాలజీస్‌లో మూడేళ్ళండి."

శూలపాణి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఆయనకి కోపం వచ్చిందనుకుంది విశాలాక్షి. నవ్వి కళ్ళు చిన్నవి చెయ్యబోయింది గానీ అవి మరింత పెద్దవయ్యాయి.

"దావానలా?" అన్నాడు ఆయన గొంతు సవరించుకుని. "నేనూ అక్కడి నుంచే వచ్చాను."

ఇక దొరికిపోయాననుకుంది విశాలాక్షి. లేచి వెళ్ళిపోదామనుకుంది గానీ, తన నడకకి తలుపు దాకా వెళ్ళేసరికి ఆయన ఇంకా చాలా అడగగలడు.

"ఎక్కడ కూర్చునేవారు?" అన్నాడు శూలపాణి.

"కింది... కింది అంతస్తులోనండి."

"అదీ సంగతి," అన్నాడాయన. ముళ్ళు కొంచెం వాలాయి. "నాది పై అంతస్తు. అందుకే మనం కలుసుకోలేదు."

"అంతేనండి. పై అంతస్తుకి మమ్మల్ని రానిచ్చేవారు కాదు."

"నిజమే. అదొక లోపం అక్కడ." ఇంకా ఏదో ఒకటి అనకపోతే బాగుండదని ఆయనే మళ్ళీ అన్నాడు. "క్యాంటీన్‌లో ఇప్పపూల బజ్జీలు..."

"ఎలా మర్చిపోతామండీ."

"పాపం, ఆ వంటాయన."

"పాపమండి."

లేని వంటాయన కోసం ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఆమె దావానల గురించి ఇంకేమైనా అంటుందేమోనని శూలపాణికి భయం. ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని ఆమెకు భయం. మరో ప్రశ్న లేకుండా ఉద్యోగం వచ్చేసింది.

తల్లీకూతుళ్ళు కంచె లోపలి చెట్టుకి మారారు. తల్లి ఎన్నాళ్ళకో కింది కొమ్మ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అది చూసి విశాలాక్షి తన మనసులో మెదులుతున్నదాన్ని నొక్కిపెట్టేసింది.

శీఘ్రజాల ఎండీ మాతంగి గారు. ఏనుగు. కొత్తగా చేరిన ఉద్యోగి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఆవిడ ఎంతో సంతోషపడ్డారు. శూలపాణినీ విశాలాక్షినీ పిలిపించారు.

"దావానల వాళ్ళు ఇద్దరు దొరికారంటే మన అదృష్టం. పోయిన వేసవిలో చిచ్చు ఎదురు కొండ దాకా వచ్చింది. మన కంచె ఎండుముళ్ళది, ఒక్క రవ్వ చాలు. ఆ కూత సాఫ్ట్‌వేర్ మనకి మళ్ళీ తయారుచెయ్యండి."

ఇద్దరూ శూలపాణి గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు.

"మొదలుపెడదామా?" అన్నాడాయన. "అక్కడ మీ కింది అంతస్తువాళ్ళు ఎలా మొదలుపెట్టేవారు?"

"పైనుంచి ఎలా చెబితే అలాగేనండి. మీ పై అంతస్తులో ఎలా చెప్పేవారు?"

ఆయన ఆమెవైపు చూశాడు. ఆమె ఆయనవైపు చూసింది. ఇద్దరికీ ఒక్కసారే తెలిసిపోయింది. అయినా ఇద్దరూ ఆ ముక్క అనలేదు.

"ఇంకొంతమంది మనుషులు కావాలి," అన్నాడు శూలపాణి చివరికి. "దావానల అనుభవం ఉన్నవాళ్ళు." జంతువులు కంపెనీలో చేరాక ఒకళ్ళనొకళ్ళు మనుషులనే అనుకుంటాయి.

వచ్చారు. కుందేళ్ళు, కొండముచ్చులు, ముంగిసలు, కోచింగ్ గుహల నిండా ఉన్నవాళ్ళంతా వచ్చారు. అందరూ దావానలలో మూడేళ్ళు చేసినవాళ్ళే, అందరూ కింది అంతస్తే. అడగకుండానే ఇప్పపూల బజ్జీల గురించి చెప్పారు. ప్రతి ఇంటర్వ్యూలో ఏం జరిగిందో కనుక్కుని జంబుకేశ్వరరావు పాఠాలు ఎప్పటికప్పుడు మారుస్తాడని మంచిపేరు.

ఆ వరసలో ఒకరోజు ముసలి తాబేలు వచ్చాడు. పేరు కూర్మనాథం. డిప్ప ఒక పక్కంతా కాలి నల్లబడి ఉంది. తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా రావడానికే చాలాసేపు పట్టింది. తనకంటే నిదానమైనవాణ్ణి, శూలపాణి పక్కన కూర్చున్న విశాలాక్షి మొదటిసారి చూసింది.

"దావానలలో ఏం చేసేవారు?" అని అడిగాడు శూలపాణి.

"నేనే పెట్టాను బాబూ ఆ కంపెనీ. నలుగురం ఉండేవాళ్ళం."

శూలపాణి ముళ్ళు ఒకటీ ఒకటీ లేవసాగాయి. "నలుగురా? ఏ అంతస్తు?"

"అంతస్తులెక్కడివి బాబూ? బండ కింద బొరియలో కూర్చునేవాళ్ళం."

"క్యాంటీన్?"

"ఎవరి ఆకులు వాళ్ళే తెచ్చుకునేవాళ్ళం."

"మరి ఇప్పపూల బజ్జీలు?" అని అడిగింది విశాలాక్షి. అడగాలని లేదు, గొంతు దానంతట అదే అడిగేసింది.

తాబేలు అర్థంకానట్టు చూశాడు. "నేను నూనె వస్తువులు తినను తల్లీ."

"మీ సాఫ్ట్‌వేర్ పనిచేసిందా?" అన్నాడు శూలపాణి.

"బ్రహ్మాండంగా పనిచేసింది. చిచ్చు ఇంకా కొండకి అవతల ఉండగానే కూత పెట్టింది. అది నిజం కూతా, పరీక్ష కోసం పెట్టిన కూతా అని మేం మీటింగ్ పెట్టుకున్నాం. ఆ మీటింగ్‌లోనే ముగ్గురు పోయారు. దాన్ని ఎలా చేశామో నాకింకా గుర్తుంది. సాయానికి ఒకరిద్దరు ఉంటే వేసవి లోపల మళ్ళీ తయారుచేసి పెడతాను. ఈసారి మీటింగ్ వద్దు. కూత వినగానే పరుగెత్తండి, చాలు."

"మీ బలహీనత ఏమిటి?" అన్నాడు శూలపాణి. ఇంకేం అడగాలో తోచలేదు.

"నడవలేను బాబూ. చూపు కూడా ఆనడం లేదు."

ఇన్ని ఇంటర్వ్యూలలో నిజమైన బలహీనత చెప్పినవాడు ఇతనొక్కడే.

విశాలాక్షి మనసులో లెక్కవేసుకుంది. ఈయన్ని తీసుకుంటే పని అవుతుంది. కంచె లోపల అమ్మకి ఏ భయమూ ఉండదు. కానీ ఈయన వారం తిరక్కుండానే మాతంగి గారికి చెబుతాడు, దావానలలో నలుగురే ఉండేవాళ్ళని. అప్పుడు అమ్మ మళ్ళీ చిటారు కొమ్మ ఎక్కాలి. శూలపాణి ఆమెవైపే చూస్తున్నాడు. వద్దనే మాట ఆమె నోటి నుంచే రావాలని ఆయన కోరిక.

"మీరు చెప్పిన వివరాలు మా దగ్గరున్న సమాచారంతో సరిపోవడం లేదండి," అంది ఆమె.

తాబేలు మెడ చాచి ఆమె ముఖం దగ్గరగా చూశాడు.

"నువ్వూ దావానలేనా తల్లీ?"

"అవునండి."

"ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదమ్మా. వయసు మీద పడింది కదా, నా మతిమరుపే అయ్యుంటుంది. ఏమీ అనుకోకు."

వెనక్కి తిరిగి తలుపువైపు నడిచాడు. ఆ నడక ఎంతకీ తరగలేదు. ఆయన బయటికి వెళ్ళేదాకా ఇద్దరూ అలా కూర్చుని చూడవలసి వచ్చింది. శూలపాణి కిటికీవైపు తిరిగాడు. విశాలాక్షికి కళ్ళు తిప్పుకోవడం చేతకాలేదు.

ఎండలు ముదిరాయి. కూత సాఫ్ట్‌వేర్ తయారుకాలేదు. అప్పుడు శూలపాణి ఒక ఉపాయం చేశాడు. నిగనిగలాడే పెద్ద పెట్టె ఒకటి చేయించి, లోపల ఒక తీతువు పిట్టని కూర్చోబెట్టాడు. పొగ కనపడితే అరవడం దాని పని. మాతంగి గారి ఎదుట గుప్పెడు ఎండుగడ్డి తగలబెట్టారు. పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. విశాలాక్షికి ప్రమోషన్ వచ్చింది.

తర్వాత ఒక మధ్యాహ్నం నిజంగానే కార్చిచ్చు వచ్చింది. పెట్టెలో ఉన్న తీతువు అందరికంటే ముందు చూసింది. గడ్డి మంటకి అరవడానికే అది ఒప్పుకుంది. కొండంత మంటకి అరుస్తూ కూర్చోవడానికి అదేమైనా కంపెనీలో ఉద్యోగా? చప్పుడు చెయ్యకుండా ఎగిరిపోయింది.

పెట్టె కూయలేదు కాబట్టి చాలామంది పొగ చూసి కూడా కదల్లేదు. కంచె అంటుకున్నాక అందరూ ఒక్కసారిగా గేటు మీద పడ్డారు. వాళ్ళందరికంటే ముందు గేటు దాటినవాడు శూలపాణి. ఆయన ముళ్ళకి జడిసి అందరూ దారిచ్చారు. విశాలాక్షి తల్లిని వీపున ఎక్కించుకుని చెట్టు దిగుతూనే ఉంది. సగం దిగేసరికి కింద గడ్డి రాజుకుంది. అప్పుడు మాతంగి గారు వచ్చి తొండంతో ఇద్దర్నీ అందుకుని, కాలుతున్న కంచెని ఒంటితో విరగ్గొట్టుకుని వాగులోకి నడిచారు. వెనక వచ్చినవాళ్ళంతా ఆ సందులోంచే బయటపడ్డారు. ముగ్గురు కుందేళ్ళు రాలేదు.

ఇసుకతిన్నె మీద మాతంగి గారు కాలిన పక్కకి నీళ్ళు చల్లుకుంటుంటే, విశాలాక్షి ఆవిడ ముందుకి వచ్చి నిలబడింది.

"మేడమ్, నేను దావానలలో ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఆ కంపెనీని చూడను కూడా లేదు. శూలపాణి గారు కూడా అంతే. తెలిసినాయన వస్తే నేనే పంపించేశాను. పెట్టెలో ఉన్నది పిట్ట."

మాతంగి గారు నీళ్ళు చల్లుకోవడం ఆపారు.

"నిజాయితీ అంటే నాకు చాలా ఇష్టం విశాలాక్షీ," అన్నారు. "కానీ అనుభవం లేనివాళ్ళని పెట్టుకోవడం మన నియమాలకి విరుద్ధం. రేపట్నుంచి రావద్దు."

శూలపాణిని కూడా పిలిచి అడిగారు. ఆయన ముళ్ళు నున్నగా దువ్వుకుని వచ్చాడు. "ఆ అమ్మాయి అదిరిపోయి ఉంది మేడమ్, ఏదేదో మాట్లాడుతోంది. అక్కడొకటి, ఇక్కడొకటి, రెండు కార్చిచ్చులు దాటినవాణ్ణి నేను. ఈ అడవిలో ఇంకెవరికుంది ఆ అనుభవం?" అన్నాడు. మాతంగి గారు ఆలోచించి, కొత్తగా పెట్టిన అగ్నిమాపక విభాగానికి ఆయన్ని అధిపతిని చేశారు.

తల్లీకూతుళ్ళు వాగు ఒడ్డున నల్లమద్ది చెట్టుకే తిరిగొచ్చారు. చెట్టెక్కాక తల్లి, "ఆ తాబేలు ఆయన్ని పంపించేసినప్పుడు నోరు మూసుకున్నదానివి, ఇప్పుడెందుకే తెరిచావు?" అంది.

"అప్పుడు తెరవాల్సింది అమ్మా," అంది విశాలాక్షి. తల్లిని పై కొమ్మకి పంపి, తను కింది కొమ్మ మీద కాపలా కూర్చుంది.

నీతి: అబద్ధం చెప్పడం నక్క దగ్గర నేర్చుకోవచ్చు గానీ, నిజం ఎప్పుడు చెప్పాలో అనుభవం మీదే తెలుస్తుంది, ఆ అనుభవం ఉన్నవాళ్ళు నిజాన్ని ఎప్పుడూ చెప్పరు.