రాజుగారి పన్నెండు గంటలు

ఆ రోజు మార్చి తొమ్మిదో తేదీ, ఆదివారం. పొద్దున తాతగారు తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. బాగుచేసిన ప్రతి గడియారం వెనక మూతలో తేదీ గీకిపెట్టే అలవాటున్న తాతగారికి తేదీలు మరుపుకు రావు. గుడ్డు గుర్తుండడానికి మాత్రం వేరే కారణం ఉంది. ఆయన గోడ గడియారం చూసి సరిగ్గా ఆరు నిమిషాలు ఉడికిస్తారు. ఆ రోజు ఆ గడియారాన్ని ఆయనే ఆపేశారు. దాంతో గుడ్డు నేలకేసి కొడితే లేచి వచ్చేలా తయారైంది.

ఆపింది అదొక్కటే కాదు. ముందు గదిలో బాగుకి వచ్చినవీ, బాగై వెళ్ళాల్సినవీ కలిపి పదకొండు గడియారాలున్నాయి. నిద్రపోతున్న పిల్ల చెయ్యి పట్టుకున్నంత మెల్లగా ఒక్కొక్క లోలకాన్నీ పట్టుకుని నిలబెట్టారు. తలుపు గంట బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నారు. కారే కొళాయికి పాత తువ్వాలు చుట్టారు. కిటికీ తెరలు దించారు.

"అమ్మలూ, నిశ్చింతగా చదువుకో. ఇవాళ ఈ ఇంట్లో చీమ నడవాలన్నా చెప్పులు విప్పి నడవాల్సిందే."

"చీమ సంగతి సరే. నువ్వో?" అంది మనవరాలు.

"నేనా? ఊపిరి కూడా వాయిదాల మీద పీలుస్తా."

మనవరాలికి పదిహేనేళ్ళు. ప్రతి ఆదివారం పదింటికి తొమ్మిదిమంది పిల్లలు ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని పాతకాలపు నాటకాలు పాత్రలవారీగా పైకి చదువుతారు. వాళ్ళకో అధ్యక్షురాలు. వయసు పదహారు, పెద్ద కళ్ళజోడు, నవ్వును కూడా ఖర్చు చూసుకుని వాడే మనిషి. ఆవిడ రాసిన నియమం ఒకటుంది: చదువు మొదలయ్యాక ఆగకూడదు. మూడుసార్లు ఆపినవాళ్ళకు ఏడాది చివరిదాకా సేవకుడి పాత్రే.

ఈ ఇంటి ఖాతాలో ఇప్పటికే రెండు పడ్డాయి. మొదటిసారి, ప్రేమికులు విడిపోయే ఘట్టంలో ముందు గది గడియారాలు ఒకదాని వెనక ఒకటి పదకొండేసి గంటలు కొట్టాయి. అవి అయ్యేసరికి ప్రేమికులిద్దరూ ఎందుకు విడిపోతున్నారో మరిచిపోయారు. రెండోసారి పాలగ్లాసుతో లోపలికి వెళ్ళిన తాతగారు తెర మీద ఏడుస్తున్న పిల్లను చూసి, "ఎందుకమ్మా ఆ ఏడుపు? ఎవరేమన్నారు?" అని నిలదీశారు.

ఐదు నెలల కిందట కొత్తగా చేరిన మనవరాలు ఇప్పటిదాకా చదివింది సేవకుడి ఒక్క వాక్యం. "ప్రభూ, రథం సిద్ధం." నాటకాలు మారాయి, రథం మారలేదు. ఇవాళ మొదటిసారి ఆమె రాజు. అరవై పేజీల రాజు. ఇవాళ ఇంకొక్క చప్పుడైతే మళ్ళీ రథం దగ్గరికే.

పదింటికి గది తలుపు పడింది. తాతగారు తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముసలి రాజు గొంతు మొదలైంది. నిన్నటిదాకా దువ్వెన ఎక్కడని అరిచిన గొంతేనా ఇది? ఆయనకు కళ్ళు చెమర్చాయి. అంతా సవ్యంగానే ఉంది. ఉండాల్సిన దానికన్నా నిశ్శబ్దంగా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కింది వాటాలోని వ్యాన్ డ్రైవర్ రోజూ తాతగారి గడియారాలు పది కొడితేనే లేస్తాడు. ఫోనులో అలారం పెట్టుకుంటే నిద్రలోనే నొక్కేస్తాడు. పైన మోగే గడియారాల నోరు మూయడం మాత్రం అతని వల్ల కాదు. ఆ రోజు అవి మోగలేదు. పదీ నలభైకి సరుకు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఫోన్ చేసి నానా మాటలూ అంటే గాని లేవలేదు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పైకి పరుగెత్తాడు. గంట నొక్కితే మోగలేదు. తలుపు తోసి చూస్తే చీకటి గది, కదలని లోలకాలు, తడికళ్ళతో పెద్దాయన.

తాతగారు పెదవుల మీద వేలుంచారు.

"ఏంటి తాతగారూ, అన్నీ ఆపేశారా?" డ్రైవర్ గుసగుసగా అడిగాడు.

అవునని తలూపారు.

"మళ్ళీ మొదలెట్టరా?"

ఇప్పుడు కాదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపారు.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఎదురైన పైవాటా దర్జీతో, "అక్కా, తాతగారు దుకాణం ఎత్తేస్తున్నారు. పాపం, ఒకటే ఏడుపు" అన్నాడు. దర్జీ నోట్లో పడిన మాట చీరాల్సినంత చీరి, కుట్టాల్సినంత కుట్టి గాని బయటికి రాదు. బేకరీ ఆవిడకు చేరేసరికి, సాయంత్రంలోగా తీసుకెళ్ళని గడియారాలు పాతసామాను కింద పోతాయని తేలింది.

పదకొండుంపావుకి ముందు గదిలో తొమ్మిదిమంది, సరుకు సంగతి మరిచిన డ్రైవర్‌తో కలిపి. అందరికీ తాతగారు వేలు చూపించారు. అందరూ చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద నడిచి, ఎవరి గడియారాన్ని వాళ్ళు చంకలో పెట్టుకున్నారు.

"మా పిట్ట గడియారం ఇచ్చి ఆర్నెల్లైంది. స్ప్రింగ్ వస్తుంది, వస్తుంది అన్నారు," బేకరీ ఆవిడ గుసగుసలోనే దెబ్బలాటకు దిగింది.

"వచ్చింది. నిన్నే వేశా," తాతగారూ గుసగుసలోనే గసిరారు. "మీ అందరికీ ఏమొచ్చిందివాళ?"

"మరి కూస్తుందా?"

"పరీక్షించలేదు. మెల్లగా మాట్లాడమ్మా!"

అప్పుడే గదిలోంచి రాజు గొంతు పైకి లేచింది. "కోట గడియారం పన్నెండు కొట్టేలోగా నా కొడుకు రాకపోతే, ఈ కిరీటాన్ని మంటల్లో వేస్తాను. కొట్టు గడియారమా, కొట్టు!"

గడియారం కొట్టలేదు. గుమ్మం అవతల అందరూ ఊపిరి బిగబట్టారు.

"కొట్టు గడియారమా!" రాజు మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతులో మనవరాలు కొంచెం తొంగి చూసింది.

"చప్పుళ్ళు చూసే పిల్లకు నెట్ పోయింది," అధ్యక్షురాలి గొంతు పొడిగా వినబడింది. "పది లెక్కపెడతాను. ఆలోగా గంట కొట్టకపోతే నాటకం ఇక్కడితో సరి. వచ్చే వారం కొత్తది. ఒకటి..."

తాతగారు గదిలో చూశారు. తొమ్మిది జతల చేతుల్లో తొమ్మిది, గోడ మీద రెండు, మొత్తం పదకొండు గడియారాలు. నలభై ఏళ్ళలో ఆ గదిలో గడియారాలన్నీ నోరు మూసుకున్నది ఈ ఒక్క పూటే.

"ముళ్ళు తిప్పండి! అందరూ! పన్నెండు మీదికి!"

గుసగుసే, కానీ సైన్యానికి సరిపోయే గుసగుస. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన గోడ మీది పెద్ద గడియారం ముల్లు తిప్పారు. అధ్యక్షురాలు తొమ్మిది అనేలోగా మొదటి గంట మోగింది. ఖంగున, కోటలో మోగినట్టే. ఆ వెనకే దర్జీది. ఆ వెనక లెక్కల మాస్టారిది. హడావుడిలో డ్రైవర్ చేతిలోది పది దగ్గరే కొట్టేసింది. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంది. పన్నెండు దాటాయి, ముప్ఫై దాటాయి, డెబ్భై దాటాయి.

తాతగారు కళ్ళు మూసుకున్నారు. ఇక అయిపోయింది, పిల్ల కొంప ముంచాననుకున్నారు.

"వింటున్నావా మంత్రీ?" లోపల రాజు నింపాదిగా అన్నాడు. "ఈ రాజ్యంలో గడియారాలకు కూడా ఒక మాట మీద నిలబడడం చేతకాదు. ఇక మనుషుల సంగతి నన్నడక్కు."

పుస్తకంలో లేని మాట. ఎవరో కిసుక్కుమన్నారు. అయినా నాటకం ఆగలేదు. గంటలు ఆగాయి. రాజు కిరీటం తీశాడు. మంట ముందు నిలబడ్డాడు. అంతా సద్దుమణిగిన ఆ క్షణంలో చిన్న తలుపు టప్పున తెరుచుకుని, ఆర్నెల్లుగా మూగబోయిన పిట్ట బయటికొచ్చి గొంతెత్తింది.

"కూసింది! మా పిట్ట కూసిందండోయ్!" బేకరీ ఆవిడ వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

తెర మీది పిల్లలంతా పగలబడి నవ్వారు. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాటకం ఆగింది.

తాతగారు తలుపు తోసుకుని వెళ్ళారు. మనవరాలు కాగితం కిరీటం చేత్తో పట్టుకుని తల దించుకుని ఉంది.

"అధ్యక్షురాలమ్మా, తప్పు నాది. పిల్లను రథం దగ్గరికి పంపకు," అన్నారు.

"నియమం నియమమే తాతగారూ. మూడుసార్లు ఆపినవాళ్ళకు సేవకుడి పాత్ర," అధ్యక్షురాలు పుస్తకం తిరగేసింది. "మొదటిసారి ఆపింది మీ గడియారాలు. రెండోసారి మీరు. మూడోసారి మీ పిట్ట. ఇందులో రాజుగారి తప్పెక్కడుంది?"

గదిలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు అర్థమైంది మనవరాలికి. కిరీటం మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

"వచ్చే ఆదివారం పదికి ఐదు నిమిషాలుండగా రండి," అంది అధ్యక్షురాలు. "గడియారాలున్న ఇల్లు కదా, ఆలస్యం చేయరనుకుంటాను. రాజుగారూ, కిరీటం దగ్గర్నుంచి కానివ్వండి."

రాజు చివరి మాటలు తొమ్మిదిమందీ ఒళ్ళో గడియారాలు పెట్టుకుని ముందు గదిలో నేల మీద కూర్చుని విన్నారు. డ్రైవర్ బాహాటంగా ముక్కు చీదాడు. వెళ్ళేటప్పుడు ఎవరి గడియారాన్ని వాళ్ళు మళ్ళీ గోడకు తగిలించారు.

"అయితే దుకాణం ఎత్తేయడం లేదా?" అంది దర్జీ, కొంచెం నిరాశగా.

ఆ రాత్రి మనవరాలు పడుకోబోతూ సాధన చేయించింది.

"ప్రభూ! రథం సిద్ధం!" తాతగారు ఛాతీ విరిచి అన్నారు.

"తాతయ్యా, నువ్వు సేవకుడివి. యుద్ధం ప్రకటించకు."

"ప్రభూ, రథం సిద్ధం."

"ఇప్పుడు బావుంది. చెప్పేసి, చప్పుడు కాకుండా వెళ్ళిపోవాలి."

తాతగారు వంగి దండం పెట్టి, వెనకడుగు వేసి, మనవరాలి గది తలుపు మెల్లగా దగ్గరికి వేశారు. రేపు డ్రైవర్‌ను లేపాలి కాబట్టి పదకొండు గడియారాలకూ కీ ఇచ్చి, పిట్టకు మాత్రం దుప్పటి కప్పారు.