గోడవతల ఆవ మొక్కలు

ఆ ఆదివారం శేషారత్నం వేసుకున్న పథకం చిన్నదే. కూతురు అఖిలను గడప దాటనివ్వకుండా బోటనీ రికార్డు పూర్తి చేయించడం. ఏలూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్ల, ఆవాల కుటుంబానికి చెందిన మొక్క ఒకటి, ఎవరూ నాటకుండా మొలిచినది, వేళ్ళతో సహా రేపటికల్లా అంటించాలి. లేకపోతే ఐదు మార్కులు పోతాయి.

"గుండుగొలను కాలవగట్టు మీద ఉంటాయటమ్మా, వెళ్ళొస్తా."

"కాలవగట్టా? జారితే? పాముంటే? జారి పాము మీదే పడితే?"

ఇంతలో పక్కింటి రాజరత్నం మాస్టారు గోడ మీంచి కేకేశారు. సైన్సు టీచరుగా రిటైరైన మనిషి. అఖిలకు ఇంటర్ పాఠాలన్నీ ఊరికే చెప్పింది ఆయనే.

"కాలవగట్టుకెందుకమ్మా? మా పెరట్లోనే ఉంది. నాలుగు రేకుల పసుప్పచ్చ పువ్వు, ప్లస్ గుర్తులాగా. అచ్చంగా అడవి ఆవ! మీ లెక్చరరుకి ఫొటో కూడా పంపేశాను."

శేషారత్నం తొంగిచూసింది. గోడ వెంబడి వరసగా నలభై మొక్కలు. ప్రతి ఆదివారం అఖిలకు ఉప్పు, మిరపకాయలు, ఆవాలతో దిష్టి తీసి, గ్యాస్ పొయ్యిలో వేస్తే దగ్గొస్తుందని ఆమె విసిరేది సరిగ్గా అక్కడికే. ఉప్పు కరిగింది, మిరపకాయలు కుళ్ళాయి, ఆవాలు మొలిచాయి. పైగా అది ముఖ్యంగా మాస్టారి దిష్టే. "మీ అమ్మాయి మెరికండీ" అని రోజూ అనేది ఆయనే మరి.

చెబితే మాస్టారి మనసు నొచ్చుకుంటుంది. చెప్పకపోతే పోపులడబ్బాలో ఆవాలను అడవి ఆవ అని రాసి పిల్ల మార్కులు పోగొట్టుకుంటుంది. అందుకని ఆమె మధ్యేమార్గం పట్టింది.

"ముట్టుకోకే! అది విషమట! తింటే కాళ్ళు వాస్తాయట!"

గోడవతల గిన్నె పడిన చప్పుడైంది. మాస్టారి భార్య రాజకుమారి పరుగున వచ్చింది.

"ఏవండీ, పది రోజులుగా ఆ ఆకే కదండీ పప్పులో వేస్తున్నాను!" అని కాళ్ళు చూసుకుంది. "వాచాయండీ!"

"అవెప్పుడూ అంతేగా," అన్నారు మాస్టారు. అని, తన కాళ్ళు కూడా చూసుకున్నారు.

ఐదు నిమిషాల్లో ఆటో వచ్చింది. రాజకుమారి బైబిలూ దుప్పటీ పట్టుకుని ఎక్కింది. మాస్టారు ఎక్కారు. ఏలూరు ఆసుపత్రికి ఆటో కదలబోతుంటే శేషారత్నం అడ్డంగా నిలబడింది.

"ఆగండీ! అవి ఉత్త ఆవాలండీ! మా పోపులడబ్బాలోవే! దిష్టి తీసి నేనే విసిరాను!"

"ఎవరి దిష్టండీ?" అంది రాజకుమారి.

"ఊళ్ళోవాళ్ళదండీ," అంది శేషారత్నం, ఆటో చక్రాన్ని చూస్తూ.

మాస్టారు గబుక్కున దిగారు. ఇక చీవాట్లేనని శేషారత్నం కళ్ళు మూసుకుంది. ఆయన గొంతు తగ్గించారు.

"అమ్మా, ముప్పైయేళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. పోపు ఆవాలను పోల్చుకోలేదని తెలిస్తే నా పరువేం కాను? మీరీ మాట ఎత్తకండి. మా పెరట్లోకి ఎన్ని గుప్పెళ్ళయినా విసురుకోండి."

"మరి నా రికార్డో?" అంది అఖిల. మళ్ళీ తనే అంది: "మాస్టారూ, అమ్మ విసిరిందే గానీ నాటలేదుగా?"

"నాటలేదు!" మాస్టారి ముఖం వెలిగింది. "ఇల్లు వదిలి, తనంతట తను మొలిచిన ఆవ! అలాగే రాయమ్మా!"

సోమవారం లెక్చరరు ఐదుకి ఐదూ వేశారు. విత్తనాలు ఎలా వ్యాపించాయన్న గడిలో గాలి, నీరు, పక్షులు మూడూ కొట్టేసి, అఖిల 'మా అమ్మ' అని రాసింది.