దీర్ఘకాలిక ఫలితం: సోఫా ఖాళీ

ఆ ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగి, గంటలో ఒక లాజిక్ మోడల్, అంటే ఏ పని వల్ల ఏ ఫలితమో చూపే పటం, గీసి పారేసి, తలంటుకుని హాయిగా పడుకోవాలి. ఆమె పనిచేసే స్వచ్ఛంద సంస్థ నలభై దాటినవాళ్లకు నడక అలవాటు చేసే కార్యక్రమం ఒకటి నడుపుతోంది. అది పనిచేస్తోందో లేదో తేల్చే బాధ్యత ఎవరికివ్వాలన్నది సోమవారం నిర్ణయిస్తారు. దానిమీద కోడలికి మూడేళ్లుగా కన్ను.

"ముందు ఇంట్లో చిన్న సమస్య మీద గీసి చూడండి," అని చెప్పింది శిక్షణ ఇస్తున్న మేడం. సోమవారం నిర్ణయమూ ఆవిడదే. "ఏ మార్పు కావాలో రాసుకుని అక్కడినుంచి వెనక్కి రండి. ఏం పెడతారు, ఏం చేస్తారు, దానివల్ల ఏం జరుగుతుంది... గడులు కట్టి బాణాలు వేయండి. ఎక్కడ బెడిసికొట్టొచ్చో కూడా దాచకుండా రాయండి."

సమస్య కోసం వెతకనక్కర్లేకపోయింది. అది ఎదురుగా సోఫాలో పడుకుని పేపరు చదువుతోంది. భర్త లెక్కల మాస్టారు. బడి లేని రోజున భోజనానికి తప్ప లేవడు.

కోడలు గోడకు చార్టు అంటించింది. పెట్టేవి: ఒక జత బూట్లు, అత్తగారి నోరు. చేసేవి: ఆరింటికల్లా లేపడం. జరిగేది: వారానికి అయిదు రోజుల నడక. దీర్ఘకాలిక ఫలితం: సోఫా ఖాళీ. 'ప్రమాదాలు' అన్న గడి దగ్గర కాసేపు పెన్ను కొరికి, నిజాయితీగా 'అత్తగారు' అని రాసి స్నానానికి వెళ్లింది.

అత్తగారికి కళ్లజోడు దొరకలేదు. బూట్లూ, నడకా సన్నక్షరాల్లో ఉన్నాయి. పెద్దక్షరాల్లో కనిపించినవి రెండే: సోఫా ఖాళీ. ప్రమాదాలు, అత్తగారు. ఆవిడ నేరుగా స్నానాలగది తలుపు కొట్టింది.

"సోఫా ఖాళీ అవుతుందని రాశావు, నిజమేనా?"

"నిజమే అత్తయ్యా! మీరూ ఒక చెయ్యి వేస్తే ఇంకా త్వరగా అవుతుంది!" నురగలోంచి హుషారుగా జవాబొచ్చింది.

అత్తగారు కూతురికి ఫోను చేసింది. "మీ వదిన సోఫా అమ్మేస్తోందే! గోడకి రాసిపెట్టింది. నాకేదో ప్రమాదం కూడా ఉందిట!"

"నాన్న కొన్న సోఫా అమ్మడానికి తనెవరమ్మా? వ్యాను వేసుకుని వస్తున్నా, ఉండు."

పక్క వీధే కనుక పావుగంటలో ఆడపడుచు, ఇద్దరు కూలీలతో సహా దిగిపోయింది.

"లే అన్నయ్యా. సోఫా తీసుకెళ్తున్నా."

"పేపరు అయ్యాక తీసుకెళ్లవే," అన్నాడు మాస్టారు, పేజీ తిప్పుతూ. కూలీలు ఆయనతో సహా ఎత్తారు. గుమ్మం దగ్గర మోకాలికి దెబ్బ తగిలాకే ఆయన దిగాడు.

తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన కోడలికి హాల్లో సోఫా నాలుగు కాళ్ల ముద్రలు మాత్రమే కనిపించాయి. చార్టు మొత్తం చదివి వినిపించేసరికి అత్తగారు నాలిక కరుచుకుంది. "మరి ఆ ప్రమాదం?"

"అది... మీ ఆరోగ్యం గురించి బెంగ, అత్తయ్యా," అంది కోడలు, అప్పుడే మోగిన ఫోను గబగబా అందుకుని.

అవతల ఆడపడుచు గొంతు ఏడుపుకి దగ్గరగా ఉంది. "తీసుకుపో వదినా, నీకు పుణ్యముంటుంది! మావారు అందులో పడుకున్నారు. ఎంత లేపినా లేవట్లేదు!"

ఈలోగా మాస్టారు కనిపించలేదు. గంటన్నర తర్వాత చెమటలు కక్కుతూ వచ్చాడు. "భోజనాలబల్ల కుర్చీలో నడుం పట్టేసింది. పార్కుకి వెళ్తే ఒక్క బెంచీ ఖాళీ లేదు. వెతుక్కుంటూ మూడు చుట్లు తిరిగాను."

సోమవారం సంస్థలో కోడలు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అందరూ విరగబడి నవ్వారు, మేడం తప్ప.

"ఫలితం వచ్చింది, సరే. మీరు రాసిన పనుల్లో ఒక్కటైనా జరిగిందా?"

"లేదు మేడం."

"మరి మీ కార్యక్రమం వల్లే వచ్చిందంటారా?"

అవునంటే బాధ్యత దక్కొచ్చు. కానీ అలా అనడానికి కోడలికి నోరు రాలేదు. "అనలేను మేడం. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఇలా ఒప్పుకునే మనిషే మాకు కావాలి," అని మేడం నడక కార్యక్రమం ఫైలు ఆమె చేతిలో పెట్టింది.

సంస్థ నాలుగేళ్లుగా నడుపుతున్న ఆ కార్యక్రమంలో అసలు ఎవరూ నడవడం లేదని తేల్చడానికి ఆమెకు సరిగ్గా పది రోజులు పట్టింది.