బోర్డు ప్రకారం అక్క లోపలే

జైపాల్ ప్లాన్ వేశాడంటే ఇంట్లోవాళ్లు ముందుగా దేవుడికి దండం పెట్టుకుంటారు. ఆ పొద్దున పళ్లు తోముకుంటూనే ప్లాన్ చెప్పేశాడు. పొద్దున రామగిరి ఖిల్లా ఎక్కాలి, మధ్యాహ్నం బొగ్గుబాయి మ్యూజియం చూడాలి, రాత్రికి మటన్ కూర. తెల్లారితే అక్క సంధ్యారాణి భిలాయ్ రైలెక్కుతుంది. మళ్లీ ఎన్నేళ్లకు వస్తుందో ఎవరికి తెలుసు.

"ముందుగాల బాయి చూద్దాంరా తమ్మీ. గుట్ట యాడికి పోతది?" అన్నది సంధ్యారాణి.

"బాయి మాత్రం యాడికి పోతదక్కా? ఎండెక్కితే గుట్ట ఎక్కలేం. బాయిల ఎండ రాదు గద."

మాట సబబుగానే ఉంది. జైపాల్ మాటలన్నీ సబబుగానే ఉంటాయి, వాటితో వచ్చిన చిక్కే అది.

నిజానికి ఆమె ప్రాణమంతా బాయి మీదే, ఆ బొగ్గు గని మీదే ఉంది. చిన్నప్పుడు గోదావరిఖని క్వార్టర్లో నాయన రాయమల్లు డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా "నేను గూడ వస్త నాయినా" అని కాళ్లకు చుట్టుకునేది. "రేపు తోల్కపోత బిడ్డా" అనేవాడాయన. ఆ రేపు రాలేదు. ఆడపిల్లల్ని అప్పట్లో బాయిలోకి ఎవరు దింపుతారు? నాయన పోయాక ఆ కొలువు జైపాల్‌కు వచ్చింది. చెట్లెక్కడంలోనూ, ఈతలోనూ, వీధి కొట్లాటల్లోనూ ఎప్పుడూ తన వెనకే దాక్కున్న తమ్ముడు దర్జాగా బాయిలోకి దిగి వస్తుంటే ఆమెకు ఏడుపొచ్చేది. వాడు కూడా "ఒకనాడు చూపిస్తనక్కా" అంటూ అంటూనే రిటైరైపోయాడు. ఇప్పుడు రిటైరైన కార్మికులే కొందరు కలిసి, మూతపడిన ఓ చిన్న బాయిని బాగుచేసి, ముందు భాగాన్ని మ్యూజియంగా తెరిచారు. వానాకాలం వస్తోందని రేపటి నుంచి దాన్ని మూసేస్తున్నారు. ఇవాళ చూడకపోతే ఇక చూసినట్టే.

గుట్ట ఎక్కడానికి జైపాల్ తన కూతురు విద్య పాత బూట్లు అక్కకిచ్చాడు. ఎక్కేటప్పుడు అంతా బాగానే జరిగింది. అడవి దారిలో చిన్నప్పుడు సీతాఫలాలు దొంగతనంగా కోసిన చెట్లెక్కడ అని వెతికారు. చెట్లు దొరకలేదు గానీ, ఎవరు కోశారు, ఎవరు తన్నులు తిన్నారు అన్న పాత తగాదా మాత్రం కొత్తగా దొరికింది. కోట గోడ నీడన కూర్చుని సర్వపిండి తిన్నారు. దూరంగా పొగ గొట్టాలు, వాటి వెనక గోదావరి. అమ్మ ఇలాగే అంచు మాడేదాకా కాల్చేదని సంధ్యారాణి అన్నది. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అలా మాట్లాడకుండా కూర్చోవడం వల్లే ఆలస్యమైందని జైపాల్ తర్వాత వాదించాడు.

దిగేటప్పుడు కుడి బూటు అడుగు ఊడి వచ్చింది. కొంతదూరం చేతిరుమాలుతో కట్టుకుని కుంటింది. అదీ తెగిపోయింది. చివరికి బండిలో పెట్టుకున్న చెప్పులు వేసుకుని, ఊడిన బూటు చేతిలో పట్టుకుని బైకెక్కింది.

"పారెయ్యరాదక్కా."

"విద్యది గదరా. కుట్టిచ్చి ఇస్త."

మ్యూజియం దగ్గరికి చేరేసరికి చివరి జట్టు లోపలికి బయల్దేరుతోంది. కౌంటర్లో సదయ్య ఉన్నాడు. ఒకప్పుడు బాయిలోకి దిగేవాళ్లకు లైట్లు ఇచ్చే లాంప్ రూంలో చేసినవాడు. బాయిలో ఎలాగో ఇక్కడా అలాగే అని, లోపలికి పోయే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఇస్తాడు. ఆ బిళ్లను "లోపల" అని రాసిన బోర్డుకు తగిలించి దిగాలి. వచ్చాక తీసి కౌంటర్లో ఇవ్వాలి. బోర్డు మీద బిళ్ల ఉంటే మనిషి బాయిలో ఉన్నట్టే.

జైపాల్ రెండు బిళ్లలు తీసుకున్నాడు. నోరు అక్కకు నాయన పని గురించి చెబుతూనే ఉంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయి, రెండు బిళ్లల్నీ బోర్డుకు తగిలించింది. డ్యూటీ కాలమంతా అదే పని చేసిన చెయ్యి. దానికి ఆయన పర్మిషన్ అవసరం లేదు.

బాయి ముఖం దాకా వచ్చాక ఆయన చూపు అక్క కాళ్ల మీద పడింది.

"చెప్పులతోనా? చెప్పులతోని బాయిలకు దిగుతరా ఎవలన్న?"

"మ్యూజియంరా ఇది."

"బాయి బాయేనక్కా. చెప్పులతోని దింపితే నన్నేమంటరు?"

"గుట్ట ఎక్కియ్యకుంటే బూటు ఉండు గదరా. పొద్దుగాల్నే చెప్పిన, ముందుగాల బాయి అని," అంటూ ఆమె చేతిలోని బూటును వాడి ముక్కు దాకా తెచ్చింది. జట్టు చీకట్లోకి వెళ్లిపోయింది. చివర నడుస్తున్నవాళ్లు మాత్రం ఈ భాగోతాన్ని ఆసక్తిగా వెనక్కి తిరిగి చూశారు.

ఇద్దరూ వెనక్కొచ్చి క్యాంటీన్లో కూర్చున్నారు. జైపాల్ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆమె ముట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ వయసులో బూటు కోసం ఏడ్చిందనుకుంటారని కొంగుతో తుడుచుకుంది. జైపాల్‌కు చెప్పడానికి సబబైన మాట ఒక్కటీ దొరక్క బజ్జీలన్నీ తనే తిన్నాడు.

అంతలో లోపలికి వెళ్లిన జట్టు బయటికొచ్చింది. అందరూ బిళ్లలు తీసి ఇచ్చారు. బోర్డు మీద రెండు మిగిలాయి. సదయ్య అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. రెండే.

"ఇద్దరు లోపల్నే ఉండిపోయిండ్రు," అన్నాడు.

మ్యూజియం చూసుకునే వినీత్ కుర్రవాడు, కోస్తా నుంచి వచ్చినవాడు. అతని ముఖం పాలిపోయింది. "సదయ్యగారూ, ఇప్పుడేం చేయాలండీ?" అన్నాడు. సదయ్య ఏం చేయాలో చెప్పలేదు, చేశాడు. గోడ మీది సైరన్ బటన్ నొక్కాడు. అది పనిచేస్తుందని ఆయనకూ నమ్మకం లేదు.

ఆ కూత విని కార్మికుల కాలనీ అంతా కదిలింది. బొగ్గు ఊళ్లో వేళగాని వేళ సైరన్ మోగితే అడిగేది ఉండదు, ఉరకడమే. జైపాల్ బాయిలో చిక్కినవాళ్లను కాపాడే రెస్క్యూ జట్టులో చేసినవాడు. కుర్చీ తన్నేసి లేచాడు. "ఎవలో ఇద్దరు చిక్కుకున్నరట అక్కా, నువ్వు ఈడనే ఉండు," అని టోపీ, లైటు లాక్కుని, మూడో బిళ్ల తగిలించి లోపలికి పరుగెత్తాడు. ఆయన వెనక మరో నలుగురు రిటైరైనవాళ్లు, తలా ఒక బిళ్ల తగిలించి, ఆయాసపడుతూ. చూస్తుండగానే అంబులెన్స్ వచ్చింది. సెల్‌ఫోన్ కర్రకు కట్టుకుని ఒక విలేకరి కూడా వచ్చాడు.

సంధ్యారాణి చిన్నప్పుడు ఈ కూత వినగానే అమ్మ పొయ్యి మీది అన్నం అట్లాగే వదిలి, చంకలో తమ్ముణ్ని వేసుకుని, తన చెయ్యి పట్టుకుని బాయి దగ్గరికి ఉరికేది. నాయన బయటికొచ్చేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడేది కాదు. అదంతా నిన్ననో మొన్ననో జరిగినట్టుంది. ఇవాళ తమ్ముడు లోపల ఉన్నాడు. పక్కన నిలబడ్డ ఒకావిడ చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. ఆవిడ పేరు సారవ్వ, కాలనీ నుంచి ఉరికొచ్చింది.

"ఎవలక్కా లోపల?" అని అడిగింది సంధ్యారాణి.

"మొగడు పెండ్లాలట. బాయి కాడనే లొల్లి పెట్టుకున్నరట. అలిగి యాడనో చీకట్ల కూసున్నట్టున్నరు."

"అయ్యో, గంత లొల్లి దేనికో పాపం. ఇంట్ల చూసుకుంటే కాదా?"

"ఆమెనే గయ్యాళిదట. ఎర్రపూల చీరె కట్టుకున్నదట. చేతిల తెగిన బూటు పట్టుకొని కొట్టెటందుకు మీదికి పోయిందట."

సంధ్యారాణి తన చీర చూసుకుంది. ఎర్ర పూలు. చెయ్యి చూసుకుంది. సారవ్వ కూడా అటే చూసి, నెమ్మదిగా తన చెయ్యి విడిపించుకుంది.

"వాడు నా తమ్ముడు," అన్నది సంధ్యారాణి. అంతకంటే ముఖ్యమైన సంగతి అప్పటికి తోచలేదు.

కౌంటర్ దగ్గరికి వెళ్లి, "లోపలున్నది నేనేనన్నా," అని చెప్పింది.

సదయ్య ఆమె వైపు చూడలేదు. బోర్డు వైపు చూశాడు. "అట్లెట్లయితది చెల్లె? నువ్వు ఈడున్నవు. బిళ్ల ఆడున్నది."

ఇంతలో జైపాల్ మిగతా నలుగురితో పాటు ఒళ్లంతా మసితో బయటికొచ్చి, ఇందాక తగిలించిన బిళ్లలు తీసిచ్చి, "మూల మూల దేవులాడినం. ఎవ్వలు లేరు," అన్నాడు దుఃఖంగా. సంగతి చెప్పారు. ఆయన తన కుడిచేతిని వెనక్కి దాచుకున్నాడు.

వినీత్ తల పట్టుకున్నాడు. "సరేనండీ, ఆ బిళ్లలు తీసేయండి. అందరినీ పంపించేద్దాం."

"తియ్యను సార్," అన్నాడు సదయ్య. "మనిషి బాయి మొఖంల నుంచి వస్తనే బిళ్ల దిగాలె. నా సర్వీసుల ఎన్నడూ ఊకె దించలే."

"లోపలికి వెళ్లనివాళ్లు బయటికి ఎలా వస్తారండీ?"

"అది నాకెట్ల ఎరుక?"

బయట జనం పెరుగుతున్నారు. విలేకరి మాట్లాడుతూనే ఉన్నాడు. వినీత్ నీరసంగా ఇద్దరికీ చేతులు జోడించాడు. "అమ్మా, దయచేసి ఒకసారి లోపలికి వెళ్లి బయటికి రండి."

"చెప్పులతోనా?" అన్నాడు జైపాల్. అక్క చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

రెస్క్యూకు వచ్చినవాళ్లలో ఒకాయన తన గంబూట్లు విప్పి ఇచ్చాడు. అవి ఆమె మోకాళ్ల దాకా వచ్చాయి. టోపీ పెట్టారు, నడుముకు లైటు కట్టారు. ఊరంతా చూస్తుండగా రాయమల్లు బిడ్డ బాయిలోకి నడిచింది.

పైకప్పును మోసే దిమ్మెలు, పట్టాలు, తుప్పు పట్టిన బొగ్గు టబ్బు దాటారు. లోపలికి పోయాక జైపాల్ రెండు లైట్లూ ఆర్పాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో నీటి బొట్టు పడుతోంది. ఆమె గోడ తడిమింది. చల్లగా, తడిగా ఉంది.

"గీడనేనారా నాయిన పనిచేసింది?"

"గిసొంటి దాంట్లనేనక్కా. ఇంకా లోపటికి."

"గీ చీకట్లకెల్లి ఇంటికొచ్చి, మనతోని నవ్వుకుంట ఆడేటోడు గదరా," అన్నది. కళ్లు ఒత్తుకుంది. జైపాల్ అక్క భుజం పట్టుకున్నాడు. వాడూ ఏడుస్తున్నాడు. లైటు వేయకుండా చాలాసేపు అలాగే నిలబడ్డారు. పైన వినీత్ మళ్లీ సైరన్ కొట్టించాలా అని సదయ్యను అడుగుతున్నాడు.

బయటికి రాగానే జనం చప్పట్లు కొట్టారు. సదయ్య తన చేత్తో రెండు బిళ్లలూ దించి, లెక్క సరిపోయిందని కుర్చీలో కూలబడ్డాడు. అంబులెన్స్ వాళ్లు దుప్పటి కప్పారు. విలేకరి ఫోను ముందుకు తోశాడు.

"అమ్మా, లోపల మస్తు సేపు చిక్కుకున్నరా?"

సంధ్యారాణి గంబూట్లు విప్పుతూ ఆలోచించింది.

"లేదు బిడ్డా. సరిపోలే."