గాలి చేరిన లాప్‌టాప్

ఆ రోజు పోన్ సంత, ఐదు రోజులకోసారి జరిగేది. టీ తాగి, సైకిలు తీసి, సంతలో ఒక పాత లాప్‌టాప్ కొనుక్కుని అన్నం వేళకు ఇంటికి రావాలి. వాగియో అనుకున్నది అంతే.

కచేరీ గోడ పక్కన అతనికి ఫొటో కొట్టు ఉంది. కచేరీ ఇచ్చే గుర్తింపు కార్డులకు ఫొటోలు తీస్తాడు. బేసి ఏడాదిలో పుట్టినవాళ్ళకు వెనక ఎరుపు పెట్టాలి, సరి ఏడాదిలో పుట్టినవాళ్ళకు నీలం. మచ్చ ఉంటే కాస్త తుడవాలి, రేగిన జుట్టు సర్దాలి. ఆ పని చేసే కంప్యూటరు వానాకాలంలో చచ్చిపోయింది.

డబ్బు మాత్రం అతనిది కాదు. భార్య సుమిరాకు వీధి ఆడవాళ్ళ చీటీలో వచ్చిన ఇరవై లక్షల రుపియా అది; అక్కడి లెక్కలో ఒక పాత మిషనుకు సరిపోయే డబ్బు. ఆమె మూలికల కషాయాలు కాచి, సీసాలు బుట్టలో పెట్టి, బుట్టను వీపుకు కట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. ఆ డబ్బుతో తోపుడు బండి చేయించుకుందామనుకుంది.

"పండగలోపల నీ బండి నీకొస్తుంది," అన్నాడు వాగియో.

"నా వీపు గుర్తుపెట్టుకుని కొను. తళతళ చూడకు, పని చూడు."

"అన్నీ చూస్తాను."

"అన్నీ చూస్తావు. అదే నా భయం."

నిజంగానే అన్నీ చూశాడు. సంతలో హర్తోయో అనేవాడు నారింజరంగు టార్పాలిను కింద పాత లాప్‌టాప్‌లు పరిచి కూర్చున్నాడు. వాగియో ఒక్కొక్క మీటా నొక్కాడు. మూత తెరిచాడు, మూశాడు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి అక్కడే పీట వేసుకుని కూర్చున్నాడు. తిరగేసి వాసన కూడా చూశాడు.

"బాబాయ్, లాప్‌టాప్ కొంటున్నావా, బక్రీదు మేకనా?" అన్నాడు హర్తోయో. "కావాలంటే పళ్ళు కూడా చూసుకో."

"ఫొటోలు దిద్దడానికి పనికొస్తుందా?"

"పెళ్ళి ఆల్బం చేసినా అలుపు రాదు. మొదటి ఓనరు చాలా బుద్ధిమంతుడు. రాత్రంతా పని చేసుకునేవాడు."

తెర మీద తన ఫొటో ఒకటి పెట్టి చూసుకున్నాడు వాగియో. టార్పాలిను కింద హర్తోయో, తను, లాప్‌టాప్ అంతా ఒకే రంగులో ఉన్నారు. తృప్తిగా డబ్బు ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బేరం కచేరీ గుమాస్తా దార్సోనోది. తెర మీద ఆయన మొహం పసుపు రాసినట్టుంది. వాగియో నీలం కొంచెం కలిపాడు. ఇంకొంచెం కలిపాడు. మనిషి మనిషిలా కనపడ్డాక ప్రింటు తీశాడు. కాగితం మీద గుమాస్తా పెదవులు నేరేడు పళ్ళు తిన్నట్టున్నాయి.

దార్సోనో ఆ ఫొటోను చాలాసేపు చూసుకున్నాడు.

"బావుంది," అన్నాడు.

ఆ ఊళ్ళో ఎదుటి మనిషి మొహం మీద బాగోలేదని అనగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

వాగియోకు మాత్రం అనుమానం తీరలేదు. మిగిలిన కాపీ తీసుకెళ్ళి సుమిరాకు చూపించాడు. ఆమె కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది.

"ఒంట్లో గాలి చేరింది ఈయనకి, చలిజబ్బు. పెదాలు చూడు."

"పొద్దున మనిషి బాగానే ఉన్నాడే!"

"నీ కంటికి తెలుస్తుందా? ఫొటోలో పడింది. మంచి మిషనే కొన్నావయ్యా!"

సుమిరా అన్నాక ఆ వీధిలో మరో మాట ఉండదు. ఆ సాయంత్రమే దార్సోనో చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. గాలి బయటికి పోవాలని ఆయన భార్య నూనె రాసి, నాణెంతో మెడా వీపూ ఎర్రగా గీరింది. పైన రెండు గ్లాసుల అల్లం కషాయం పట్టించింది.

వారం తిరక్కుండానే వాగియో లాప్‌టాప్ గాలిని పట్టేస్తుందని ఊరంతా పాకింది. కార్డు అక్కర్లేనివాళ్ళు కూడా ఫొటోకు వచ్చారు. ఎండాంగ్ టీచరమ్మ తన ఫొటో చూసుకుని అక్కడే బెంచీ మీద కూలబడింది.

"నిన్న పిల్లలకి డ్రిల్లు కూడా చేయించానండీ," అంది నీరసంగా. "ఎలా చేయించానో!"

మధ్యాహ్నానికల్లా సుమిరా సీసాలు ఖాళీ అయ్యేవి. కచేరీలో ఎవరి మెడ చూసినా నాణెం చారలే. వాగియోకు కొత్త పని తగిలింది. ఫొటోల్లో చారలు తుడిచి, మొహాలకు నీలం కలపాలి.

ఒక సాయంత్రం దార్సోనో మళ్ళీ కొట్టుకు వచ్చాడు. వాన గురించి మాట్లాడాడు. మిరపకాయల ధర గురించి మాట్లాడాడు. వాగియో కోడిపుంజు ఆరోగ్యం కనుక్కున్నాడు. వాగియో చేతిలో పని పక్కన పెట్టాడు. ఇంత చుట్టూ తిరుగుతున్నాడంటే చెప్పేది పెద్దదే.

"ఫొటోలు కాస్త చల్లగా వస్తున్నాయేమో అన్నా," అన్నాడు చివరికి.

"చల్లగానా?"

"పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఈ ఊళ్ళో అందరూ నీళ్ళలోంచి తీసిన శవాల్లా ఉన్నారేమిటని అడిగాడు."

"మీరేమన్నారు?"

"చలి అన్నాను."

"మనూళ్ళో చలేమిటండీ?"

"ఇంకేమనమంటావు? కార్డులు ఆపేశారు. వచ్చే సోమవారానికి సరైన ఫొటోలు రాకపోతే పని రోడ్డవతలి కొట్టుకిస్తారట. ఏమీ అనుకోకు." దార్సోనో మెడ తడుముకున్నాడు. "నేనైతే మూడుసార్లు గీయించుకున్నాను. గాలి పోలేదు."

ఆ పని పోతే కొట్టు ఉండదు. కొట్టు లేకపోతే సుమిరా డబ్బు తిరిగి రాదు, బండి రాదు. వాగియో అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. సుమిరా పసుపు కషాయం సీసా తెచ్చి ఎదురుగా పెట్టింది.

"దీనికో ఫొటో తియ్యి. రేపు బండికి బోర్డు కట్టించాలి కదా."

"ఏ బండి?" అన్నాడు నీరసంగా. అయినా తీశాడు. మామూలుగానే నీలం కలిపాడు. ప్రింటు తీసి ఇచ్చాడు.

కాగితం మీద పసుపు కషాయం చెరువు నాచులా ఆకుపచ్చగా ఉంది.

ఇద్దరూ సీసాను చూశారు. కాగితాన్ని చూశారు.

"పసుపుక్కూడా గాలి చేరిందంటావా?" అన్నాడు వాగియో మెల్లగా.

"నా సరుక్కి వంక పెట్టకు!" సుమిరా లేచి నిలబడింది. "జబ్బు నీ మిషనుకి!"

తర్వాతి పోన్ సంతకు ఇద్దరూ వెళ్ళారు. సుమిరా లాప్‌టాప్‌ను టార్పాలిను కింద పెట్టనివ్వలేదు. హర్తోయోను ఎండలోకి లాక్కొచ్చింది. వాడు తెర చూసి నాలుక కరుచుకున్నాడు. ఒక మూల ఏదో నొక్కాడు. తెర మీది పసుపు రంగంతా ఒక్కసారిగా పోయింది.

"రాత్రిళ్ళు కళ్ళు మండకుండా తెరను పసుపుగా చేసే ఏర్పాటు పిన్నీ. పాత ఓనరు ఆపడం మర్చిపోయాడు."

"నువ్వు చూసుకోవద్దా?"

"ఈ టార్పాలిను కింద నాకు ఏ లాప్‌టాప్ చూసినా ఆరోగ్యంగానే కనపడుతుంది."

వాగియో ఊరందరికీ ఫొటోలు మళ్ళీ తీశాడు, ఊరికే. ఇంకు అయిపోయింది, కాగితం అయిపోయింది, గల్లాపెట్టె అడుగు కనపడింది. కచేరీ పని మాత్రం నిలబడింది. కొత్త ఫొటోలు చూసి అందరూ బావున్నాయన్నారు. పాతవి బాగోలేవని అప్పుడు కూడా ఎవరూ అనలేదు. దార్సోనో అయితే అంతా తను తాగిన కషాయం మహిమే అనుకుని ఇంకో సీసా చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం వాగియో తల వంచుకుని ఇంటికి వచ్చాడు. పండగలోపల బండి రాదని ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ముందు వాన గురించి మొదలుపెడదామనుకున్నాడు.

గుమ్మంలో బండి ఉంది. రెండు చక్రాలు, సీసాలకు గూళ్ళు, పైన చిన్న కప్పు.

"ఎక్కడిదే ఇది?"

"ఊరందరికీ గాలి చేరింది కదా," అంది సుమిరా సీసాలు సర్దుతూ. "ఎంత తాగారనుకున్నావు?"

వాగియో బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రం తిప్పి చూశాడు, గూళ్ళు తట్టి చూశాడు, అలవాటు కొద్దీ వాసన కూడా చూశాడు. రంగు ఇంకా ఆరలేదు.

సుమిరా బండికి నీలం వేయించింది.