ఇసుకదిబ్బ మీద లండన్ డిటెక్టివు

ప్రతి పల్లెకూ ఒక డిటెక్టివు బయస్కోపు కంపెనీ అత్యవసరం! బడి లేకపోతే పిల్లలు సుఖపడతారు. బావి లేకపోతే పక్క ఊరి నుంచి నీళ్ళు తెచ్చుకోవచ్చు. డిటెక్టివు లేని ఊళ్ళో మాత్రం బతకడం దండగ. నేరం జరిగితే పట్టుకునేదెవరు? అసలు నేరమే జరగని ఊరైతే, పాపం, అక్కడ దాన్ని జరిపించేదెవరు?

ఈ రెండు పనులూ ఒంటిచేత్తో చేసి చూపించిన ఘనత వజ్రాంగి ఫిలిం కంపెనీది. శ్రమ వాళ్ళది, ఫలితం చుక్కలపేటది. పూండి స్టేషనులో దిగి తూర్పుగా కొబ్బరితోటలన్నీ దాటి నడిస్తే, ఇసుకలో కాళ్ళు కూరుకుపోయే చోట, సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ పేట. నలభై ఇళ్ళు. అందరూ చేపలు పట్టి బతికేవాళ్ళే.

పందొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో, ఫాల్గుణ మాసంలో, కంపెనీ వారు పాసింజరు బండి దిగారు. రెండు కెమెరా పెట్టెలు, ఒక భూతద్దం, ఆరు టోపీలు, ఏడు పైపులు దిగాయి. పొగాకు మాత్రం మరిచిపోయి వచ్చారు. విక్టోరియా రాణీగారి కాలంలో లండన్‌లో జరిగిన ఒక ఘోరహత్య, దాన్ని ఛేదించిన ఒక మేధావి డిటెక్టివు, ఆయన సాహసాలు, ఇదీ వాళ్ళు తీయబోయే బొమ్మ.

డైరెక్టరు సోమేశ్వరరావు లండన్ చూడలేదు. చూడవలసిన అవసరమేముంది? బిస్కత్తు డబ్బా మూత మీద లండన్ వంతెన ఉంది, ఆ మూత ఆయన సంచీలో ఉంది. "లండన్‌లో సముద్రం ఉందాండీ?" అని ఎవరో సందేహంగా అడిగితే, "లేకపోతే వాళ్ళు ఇక్కడికెలా వచ్చారయ్యా?" అన్నాడు. అంతటి తర్కం ఉన్నవాడికి భూగోళం పుస్తకాలతో పనేమిటి!

కంపెనీని పిలిపించినవాడు పలాస వైకుంఠరావు. ఆ తీరంలో సగం కొబ్బరితోటలు ఆయనవే. చుక్కలపేట గుడిసెలు కూడా ఆయన తోట అంచునే ఉన్నాయి. బొమ్మ మొదట్లో తన పేరు పెద్ద అక్షరాలతో వేస్తామన్నారని ఆయన పొంగిపోయి, తన రెండు జట్కాలూ పై కప్పులు ఊడదీయించి లండన్ కోచి బండ్లుగా ఇప్పించాడు. ఎండిన ఆనపబుర్రలకు తారు పూసి లండన్ పోలీసుల టోపీలు చేశారు. తడి కొబ్బరిపీచు కుప్పలు పోసి కాల్చి లండన్ మంచు సృష్టించారు. ఆ మంచుకు పేటలో ముసలీ ముతకా నాలుగు రోజులు దగ్గుతూ పడుకున్నారు. కళకోసం దగ్గే అదృష్టం ఎందరికి పడుతుంది?

హీరో ఢిల్లీశ్వరరావుకు పైపులోకి పొగాకు కావలసి వచ్చింది. గున్నయ్య భార్య బొడ్డమ్మ నోట్లో నిప్పు లోపలికి పెట్టి కాల్చే చుట్టను చూసి, అలాంటిదే ఇంకొకటి నలిపి ఇమ్మన్నాడు. ఒక్క దమ్ము పీల్చాడు. ఆ తరువాత ఒక పూటంతా లండన్‌లో నేరపరిశోధన జరగలేదు.

ఇక గున్నయ్య సంగతి చెప్పాలి.

చుక్కలపేట పెద్దవలకు కళ్ళు గున్నయ్యవి. తెల్లారగానే ఊరి ముందున్న ఎత్తైన ఇసుకదిబ్బ ఎక్కి నిలబడతాడు. నడుముకు గోచీ, భుజాన ఎర్ర తుండుగుడ్డ. నీళ్ళరంగు ఎక్కడ నల్లబడింది, పక్షులు ఎక్కడ దూకుతున్నాయి, అల మీద ముడతలు ఎక్కడ పడుతున్నాయి, ఇవి చూసి కవళ్ళ చేపల గుంపు ఎటు పోతోందో చెబుతాడు. నావలో ఉన్నవాళ్ళకు గుంపు కనపడదు, దిబ్బ మీది నుంచే కనపడుతుంది. ఆయన గుడ్డ ఎడమకు చాపితే నావలు ఉత్తరానికి పోతాయి. కుడికి చాపితే దక్షిణానికి పోతాయి. తల చుట్టూ మూడుసార్లు తిప్పితే ఉన్నచోటే వల దింపుతారు. ఎందుకని అడగడం ఉండదు. ఆ గుడ్డను ఇంకో మగవాడు ముట్టుకోడు. దిబ్బ మనిషి దాన్ని పోగొట్టుకుంటే ఇక దిబ్బ ఎక్కడు. ముప్పై ఏళ్ళుగా గున్నయ్య ఒక్క తప్పుడు సైగ చేయలేదు. ఊళ్ళో ఆయనకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

అంటే, పాఠకులు గమనించారా, కంపెనీ రాక ముందే ఆ ఊళ్ళో ఒక డిటెక్టివు ఉన్నాడు. కాకపోతే ఆయనకు పైపు లేదు కనుక ఎవరూ గుర్తుపట్టలేదు.

ఆరో రోజు పొద్దున నావలు చీకటితోనే వెళ్ళి దక్షిణాన, నీళ్ళడుగున రాళ్ళున్న చోట, సైగ కోసం కాచుకుని ఉన్నాయి. పెద్దవల నావలోనే ఉంది. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు రెండేళ్ళు జనపనార వడికితే, మగవాళ్ళు అల్లిన వల అది. గున్నయ్య దిబ్బ మీద నిలబడి ఉత్తరం వైపు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే లండన్ మొత్తం దిబ్బ ఎక్కింది.

ఆ రోజు తీయవలసిన ఘట్టం ఏమిటంటే, హంతకుడు ఓడలో పారిపోతుంటే డిటెక్టివు కొండకొమ్మున నిలబడి పోలీసు పడవలను పిలవాలి. కొండకొమ్ము మీద ఈ గోచీ మనిషేమిటి?

"దిగవయ్యా ముసలాయనా. లండన్‌లో గోచీలుండవు," అన్నాడు సోమేశ్వరరావు.

"గుంపు వత్తంది బాబూ. ఒక్క గడియ ఆగండి. అది దాటీసినాక మీ ఇట్టం."

వైకుంఠరావు నవ్వుతూనే కలగజేసుకున్నాడు. "ఏటి గున్నా, నా మాట కూడా ఇనవేటి? మీ గుడిసిలు ఎవలి తోటలో ఉన్నాయో మరిసిపోనావేటి?"

అది మరిచిపోయే విషయం కాదు. గున్నయ్య నాలుగడుగులు కిందికి దిగాడు. ఆయన భుజం మీద ఎర్రగుడ్డ ఢిల్లీశ్వరరావు కంటపడింది. హీరోగారి చేతిరుమాలు కెమెరాకు ఆనడం లేదు. ఇదైతే బారెడుంది. కంపెనీ మనిషి ఒకడు వచ్చి దాన్ని గున్నయ్య భుజం మీంచి లాక్కుపోయాడు.

గున్నయ్య వాడి వెంట పైకి పరుగెత్తాడు. "ఆ గుడ్డ తిప్పకండి బాబూ. నావలోలు నానే పిలిసినాననుకుంతారు. వల దింపీత్తారు. కింద రాళ్ళున్నాయి."

"ఇది మాటల్లేని బొమ్మ. ఆయన్ని మాట్లాడొద్దనండి," అన్నాడు సోమేశ్వరరావు. కెమెరా తిరగడం మొదలైంది.

ఢిల్లీశ్వరరావు ఉత్సాహవంతుడు. ఒకసారి తిప్పమంటే మూడుసార్లు తిప్పాడు, తల చుట్టూ. బూటు మీది దుమ్ము చూసి మనిషి ఊరూపేరూ చెప్పగల మేధావి పాత్ర ఆయనది. ఒక ముసలివాడు తన కాళ్ళ దగ్గర చేతులు జోడించి ఎందుకు ఏడుస్తున్నాడో మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. ఎలా పడుతుంది? అది స్క్రిప్టులో లేదు కదా!

నావలు కదిలాయి, వల దిగింది. రాళ్ళకు పట్టుకుంది. అరవై మంది బలం పెట్టి లాగితే నిలువునా చిరిగింది. కవళ్ళ గుంపు ఉత్తరంగా తన దారిన తాను పోయింది. నీళ్ళలో పడవలు తలకిందులై, మనుషులు కేకలు వేస్తూ ఈదుతుంటే సోమేశ్వరరావు చప్పట్లు కొట్టాడు. లండన్ పోలీసులు ఇంత సహజంగా నటిస్తారని ఆయన అనుకోలేదు. ఒక్క ఆనపబుర్ర కూడా ఖర్చు కాలేదు.

ఆ సాయంత్రం పేటలో పెద్దలు కూర్చున్నారు. దిబ్బ దగ్గరికి ఊరివాళ్ళెవరూ రాకుండా వైకుంఠరావు మనుషులు పొద్దుటి నుంచీ కాపలా కాశారు కనుక, ఏం జరిగిందో చూసినవాడు గున్నయ్య ఒక్కడే. కులపెద్ద బైరాగి అతనికి స్వయానా బావమరిది, బొడ్డమ్మకు అన్న. మంచివాడు. పోయి కంపెనీవారిని అడిగి వచ్చాడు.

"గుడ్డ తిప్పడం డిటెక్టివు చేసే పనేనా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు. అప్పుడు తామందరం తోటలో ఉన్నామన్నాడు సోమేశ్వరరావు. అవునన్నాడు వైకుంఠరావు. ముగ్గురు చదువుకున్నవాళ్ళు, ఒకే మాట. ఇంకేం కావాలి?

"బావా, నీ గుడ్డేదీ?" అనడిగాడు బైరాగి.

గున్నయ్య భుజం తడుముకున్నాడు. గుడ్డ కంపెనీ ట్రంకుపెట్టెలో, లండన్ సామానులో ఉంది. మర్నాటి బండికే లండన్ మద్రాసు వెళ్ళిపోయింది.

"కళ్ళు మందగించినాయని సెప్పీవచ్చు కదా. అబద్ధం ఎందుకు బావా?" అన్నాడు బైరాగి, బాధగానే. దిబ్బ మీదికి ఇంకొకణ్ణి పెట్టారు. గుంపులను పట్టలేని చిన్నవలలతో, తెప్పలతో ఊరు ఎలాగో ఈడ్చింది. చాలా ఇళ్ళలో ఒక పూట పొయ్యి వెలగలేదు. గున్నయ్యను ఎవరూ తిట్టలేదు. ఎదురుపడితే పలకరించడం మానేశారు. తిట్టినా బాగుండేదని ఆయన బొడ్డమ్మతో అన్నాడు. ఆ మాట మీద బొడ్డమ్మ ఏడ్చింది.

కార్తీకం వచ్చింది. సోమవారం నాడు పేటవాళ్ళంతా రావివలస వెళ్ళి ఎండల మల్లికార్జునుడికి దండం పెట్టుకున్నారు. నెత్తిన కప్పు వద్దని ఎండకు ఎండే స్వామి ఆయన. అక్కడి నుంచి టెక్కలి వస్తే, ఎండ తగలకుండా పెద్ద డేరాలో బయస్కోపు వెలసి ఉంది. వైకుంఠరావు తన పేరు పది మందీ చూడాలని పేట మొత్తానికి ఊరకే ఆట చూపిస్తానన్నాడు. గున్నయ్య రానన్నాడు. బొడ్డమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ముందు నేల మీద కూర్చున్నారు. వెనక కుర్చీల్లో వైకుంఠరావు, దండలతో సోమేశ్వరరావు, ఢిల్లీశ్వరరావు కొలువుతీరారు.

తెర పక్కన ఒకాయన కర్ర పట్టుకుని కథ చెబుతున్నాడు. డిటెక్టివు చుట్టపీక చూసి హంతకుడి ఎత్తు చెప్పాడు. గుర్రపులద్ది చూసి ఇంటి నంబరు చెప్పాడు. జనం ముగ్ధులైపోయారు. అప్పుడు తెర మీదికి కొండకొమ్ము వచ్చింది.

డిటెక్టివు గుడ్డ ఎత్తాడు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

నేల మీద కూర్చున్న పేటవాళ్ళంతా ముందుకు వంగారు.

"అన్నా, ఆ మూల మాసిక సూడు. అది నాను ఏసిందే," అంది బొడ్డమ్మ, తెర వైపు వేలు చూపించి.

బైరాగి చూశాడు. ఎగురుతున్న గుడ్డ మూలన, అరచేతి మందాన, వంకర కుట్టుతో మాసిక. తెర అంచున, కింద, గోచీతో ఒక మనిషి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. బైరాగి చీకట్లో తడుముకుని గున్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

గున్నయ్య గుడ్డ వైపు చూడటం లేదు. హీరోగారి భుజం మీదుగా, వెనకాల ఉన్న సముద్రం చూస్తున్నాడు. అక్కడ ఉత్తరాన నీళ్ళు నల్లగా ఉన్నాయి. పైన పక్షులు దూకుతున్నాయి.

"అదిగో గుంపు. ఉత్తరం పట్టీసింది. నాను సెప్పలేదేటి," అంటూ లేచి నిలబడి, తెలియకుండానే ఎడమచెయ్యి చాచాడు. చేతిలో గుడ్డ లేదు. వెనక కుర్చీల్లోంచి, కూర్చోమని కసిరారు.

చూశారా పాఠకులారా డిటెక్టివు బయస్కోపు మహిమ! నేరస్థుడెవరో ఊరందరి ముందూ, సాక్ష్యంతో సహా నిరూపించింది. నేరస్థుడు డిటెక్టివేనని తన బొమ్మలోనే ఒప్పుకున్న హీరో లోకంలో ఇంకొకడున్నాడా? పైగా దండ వేసుకుని ఒప్పుకున్నాడు.

ఆట అయ్యాక పేటవాళ్ళు కుర్చీల చుట్టూ చేరారు. ఎవరూ చెయ్యెత్తలేదు. "మా గుడ్డ మాకిచ్చీండి," అన్నాడు బైరాగి. అంతే అడిగాడు. అది మద్రాసులో ఉందన్నారు. వైకుంఠరావు మాత్రం గున్నయ్య వైపు తిరిగి, "ఆ రోజే గట్టిగా సెప్పుంటే బాగుణ్ణు కదా," అన్నాడు.

తరువాత బరంపురంలో ఆడినప్పుడు ఆ ఘట్టం బొమ్మలో లేదు. కత్తిరించేశారట. ఊరివాళ్ళు గొడవ చేశారని కాదు. లండన్‌లో గోచీ మనిషి కనపడుతున్నాడని ఒక పెద్దమనిషి తప్పుపట్టాడట. ఏ చిన్న ఆధారాన్నీ వదలని కంపెనీ ఆ ఆధారాన్నీ వదల్లేదు.

కనుక ఫిలిం కంపెనీలవారికి సవినయంగా చేసే మనవి ఇదే. మీరు చుక్కలపేటకు మళ్ళీ రండి. ఈసారి ఏ అడ్డంకీ ఉండదు. గున్నయ్యను బైరాగి తన చేత్తో మళ్ళీ దిబ్బ ఎక్కించాడు, నిజమే. కొత్త గుడ్డ బొడ్డమ్మ అంచు కుట్టి ఇచ్చింది. ఆయన రోజూ తెల్లారేసరికి నిలబడతాడు, గుంపులు పోవడం చూస్తాడు, గుడ్డ భుజం మీదే ఉంచుకుని దిగి వచ్చేస్తాడు. నలభై ఇళ్ళలో ఆడవాళ్ళు నార వడుకుతున్నారు, ఇంకో ఏడాది పడుతుందంటున్నారు. ఈలోగా మీరు నిర్భయంగా వచ్చి, ఆ దిబ్బ మీద ఏ గుడ్డ కావాలంటే ఆ గుడ్డ, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తిప్పుకోండి. చిరగడానికి అక్కడ వల లేదు.